దువ్విన జుట్టు

పాతపట్నంలో ఆటో ఎక్కితే
వంతెన అవతల భాష మారుతుంది,
టీ ధర మారదు.
పర్లాకిమిడి ఒకప్పుడు రాజధాని.
ఇప్పుడు రాజధానికి ఒక రాత్రి బస్సు దూరం.

సైకిల్ షాపు సందు చివర
సున్నం పెచ్చులూడిన కతోలిక గుడి.
చెప్పులు విడవాలో వద్దో తెలియక
ఒకటి విడిచి, ఒకటి తొడుక్కుని
కాసేపు నిలబడ్డాను.

దణ్ణానికి రాలేదు నేను.
మా తాత బొమ్మాళి కూర్మయ్య చేసిన బొమ్మ
ఇక్కడుందని అమ్మ చెప్పింది.
ఆయన దువ్వెనల మనిషి.
దున్నకొమ్ము కాచి, వంచి, పళ్లు కోసి,
గాజుపెంకుతో గీకి నునుపు చేసేవాడు.
తెల్ల ఫాదరొకడు వీధిలోకొచ్చి
అరచేతంత పటం చూపించాడట.
"ఈ బాబు ఎవులు? ఏటి చేసినాడు?"
జవాబు సగమే అర్థమైందట తాతకి.
పక్కటెముకలకి పటం అక్కర్లేకపోయింది.
అది కరువేడాది,
ఏ అరుగు మీద చూసినా లెక్క సరిపోయేది.

పీఠం పక్కన, ట్యూబులైటు కింద
మూరెడు నల్లటి మనిషి.
మేకులు ఇనుపవి.
నా కంట ముందు పడింది జుట్టు.
పాపిడి తీసి ఉంది!
పోగుకి పోగు విడివిడిగా, చెవుల వెనక్కి.
అంత నెత్తురులో
ఎవరో ఇప్పుడే కూర్చోబెట్టి తల దువ్వినట్టు.

తాతా,
వేరే రకం జుట్టు చెక్కడం నీకు రాదా,
ఆ పటంలో చిక్కులు చూసి
చెయ్యి ఊరుకోలేదా?

గుడి చూసుకునే జునాస్ రైకా,
మోహన కొండల మనిషి,
చెదలంచు లెక్కల పుస్తకం తీశాడు.
మొదట్లో మద్రాసు, మధ్యలో కటకం, చివర భువనేశ్వరం.
బొమ్మ మాత్రం అదే గోడకి.
మూడు రూపాయల నాలుగణాలు.
పేరుండాల్సిన చోట
పరభాషలో ఒకే ఒక్క మాట.
మూడుసార్లు కూడబలుక్కుని
పుస్తకం మూసేశాడు.
"మా తాత పేరు కూర్మయ్య," అన్నాను.
ఆయన ఏమీ అనలేదు.

గూట్లోంచి చిన్న గిన్నె తెచ్చాడు.
"నడియా తేలొ. ఏడాదికోపాలి రాయాల.
లేపోతే కొమ్ము పగిలిపోద్ది."
పవిత్ర శుక్రవారానికి ముందు రోజు
ఆయన రాస్తాడు, వాళ్ల నాన్న రాసేవాడు.
"ఈసారి నువ్వు రాయమ్మా."
నేను మీ మతందాన్ని కాదన్నాను.
"కూర్మయ్య మాత్రం?"

నుదుటి దగ్గర మొదలుపెట్టాను.
ముళ్లు నిజంగానే గుచ్చుకున్నాయి,
చూపుడువేలి కొసన చిన్న చుక్క.
పాపిడి వెంట నూనె
దానంతటదే దారి చూసుకుంది.

తిరుగు ఆటోలో పక్కనామె
కొప్పు సవరించుకుంటూ అడిగింది
ఏం నూనమ్మా, ఇంత వాసన?
వంతెన మీదున్నాం అప్పుడు,
ఎటువైపు రాష్ట్రమో తెలీదు.
కొబ్బరినూనే, అన్నాను.
మా ఇంటాయనొకరు ఇక్కడుంటారు.
తలకి రాసొస్తున్నాను.