ఏడో నమూనా

షెఫీల్డ్‌లో వాన పైనుంచి కురవదు,
పక్కనుంచి తోస్తుంది.
ట్రాము దిగి, కొండెక్కి, తడికోటుతోనే ల్యాబులోకి వెళ్తే
ప్రింటరు రాత్రంతా మేలుకొని
ఏడో పెన్నును కని పెట్టింది, ఇంకా గోరువెచ్చగా.
కనిపెట్టాల్సింది మాత్రం మాకే మిగిలింది.

కీళ్లవాతానికి మందు.
వారానికోసారి ఎవరికి వాళ్లే తొడలో పొడుచుకోవాలి.

ఎమ్మెస్సీ మొదటి టర్ములో మాకు చెప్పింది ఒక్కటే:
ఏమీ తయారుచేయకండి, చూడండి.
ఆరు వారాలు వార్డుల్లో గోడకానుకుని నిలబడ్డాం.
నర్సు పళ్లతో ప్లాస్టరు చించడం,
ఒక పెద్దాయన మాత్రల సీసాను తలుపుసందులో పెట్టి విరగ్గొట్టడం,
ఇద్రీస్ బొమ్మలు గీశాడు,
నేను సెకన్లు లెక్కపెట్టాను.

ఆ తర్వాత అన్నీ గడులే.
ఎన్ని న్యూటన్ల బలం, ఏ స్ప్రింగు, ఎవరి సంతకం.
ప్రమాదాల పట్టికలో రెండువందల పన్నెండు వరుసలు.
చూడటం ఎప్పుడు మానేశామో
ఏ వరుసలోనూ రాసుకోలేదు.

ఇవాళ మోరీన్ స్టానిఫోర్త్ వచ్చింది.
డెబ్బై తొమ్మిదేళ్లు.
పద్దెనిమిదేళ్లు ఫ్యాక్టరీలో చెంచాలకు మెరుగుపెట్టిన వేళ్లు
ఇప్పుడు అల్లం కొమ్ములు.
మూత పట్టుకుంది. తిప్పింది.
మోకాళ్ల మధ్య బిగించి లాగింది.
కెమెరా ఎర్రచుక్క ఆర్పకుండా చూస్తోంది.
నలభై సెకన్లు. యాభై.
సాయం చేయకూడదు, అది నియమం.
నా చేతుల్ని నా తొడల కిందే తొక్కిపెట్టి కూర్చున్నాను.
తొంభై ఒకటి దగ్గర
పెన్నును మెల్లగా బల్లమీద పెట్టి
"సారీ, పిల్లా" అంది.

ఆమె సారీ ఏమిటి!

ఫారంలో కారణం ముందే అచ్చయి ఉంది:
వాడినవారి పొరపాటు.
టిక్కు పెడితే చాలు.

టీ ఇచ్చాం.
చెంచాను వేళ్లతో పట్టుకోలేదామె,
బొటనవేలి మొదట్లో ఇరికించి
అరచేత్తో తిప్పింది.
పంచదార కరిగింది, ఒక్క చుక్క ఒలకలేదు.
"ఏంటలా చూస్తున్నావు?"
"మీ చెంచాని."
నాకి, వెనక్కి తిప్పి, ముద్ర వెతికి
"మావాళ్లది కాదులే" అని నవ్వింది.

ఆమె బస్సెక్కాక
'వాడినవారి' మీద గీత కొట్టి
పైన 'మా' అని రాశాను.
దిద్దినచోట సంతకం చేయాలట, చేశాను.

ఇద్రీస్ కప్పులు కడగబోతుంటే
చెయ్యి పట్టుకుని ఆపాను.
చెంచా ఇంకా అందులోనే ఉంది.