అడ్డకోత

గుణుపురం కాలేజీలో వృక్షశాస్త్రం గది తాళాలు
ఇరవై రెండేళ్లుగా నా మొలతాడుకే వేలాడుతున్నాయి.
మైక్రోస్కోపులు తుడుస్తాను, వాచ్ గ్లాసులు కడుగుతాను.
సఫ్రానిన్ ఎరుపు గోళ్లలోంచి పోదు.
పెళ్లి భోజనాల్లో పక్క విస్తరివాళ్లు
గోరింటాకా అని నవ్వుతారు.

శ్రావణం. వాయిదా పడ్డ ప్రాక్టికల్స్.
మూడు వారాలుగా చినుకు లేదు.
ఆకు తేవడం మరిచిపోయి, ఎండెక్కాక,
సైకిలు తొక్కి వంశధార గట్టున మొక్కజొన్న చేలోకి దిగాను.
ఏ ఆకు చూసినా బీడీలా చుట్టుకుపోయి ఉంది.
చుట్టిన ఆకుని కోసేదెట్లా?
బకెట్టు నీళ్లలో మొదళ్లు ముంచి బెంచీ కింద పెట్టాను.
గంట కొట్టేసరికి
నా మీద కోపం పోయినట్టు ఒక్కొక్కటే విప్పుకున్నాయి.

బరంపురం నుంచి పరీక్షకొచ్చిన పాఢిగారు
ఒడియాలో ప్రశ్న చదివారు.
మా లెక్చరరు తెలుగులో మళ్లీ చెప్పింది:
ఏకదళ బీజ పత్రం, అంతర్నిర్మాణం, అడ్డకోత.
పుట్టాసింగి కొండ మీంచి వచ్చే సుకురి సబరకి
రెండూ పరాయి భాషలే. తలూపింది.

బంగాళాదుంప ముక్క చీల్చి, నడుమ ఆకు ఇరికించి,
బ్లేడు తడిపి, తనవైపుకి లాగుతూ కోసింది.
మొదటిది మందం.
రెండోది చిరుగు.
మూడోసారి వేలు తెగింది; అదీ ఎరుపే,
ఏది రంగో ఏది నెత్తురో నాకు తెలీలేదు.
తొమ్మిదోదో పదోదో
నీళ్లలో వెంట్రుకలా తేలింది.
కుంచెతో ఎత్తి, గాలిబుడగ లేకుండా కవర్ స్లిప్పు దించింది.

పాఢిగారు కన్ను ఆనించి చూశారు.
పై చర్మంలో ఉబ్బిన ఈ పెద్ద కణాలేమిటి, పేరు చెప్పు.
సుకురి గోడ వైపు చూసింది.
గోడ మీద పటం, పటం నిండా పేర్లు, పేర్ల మీద చెదలు.
చాలాసేపటికి,
సగం ఒడియా సగం తెలుగులో అంది:
"మా డొంగరు చేలో
మద్దినేళ ఆకు చాప చుట్టినట్టు చుట్టుకుంటాది సార్,
రేత్రి మల్లా పరుసుకుంటాది.
ఇయ్యే చుట్టేవి.
ఈటిలో నీళ్లు తగ్గితే ఆకు ముడుసుకుంటాది."
తన భాషలో ఇంకో మాటా అంది.
అది నా లిపిలో పట్టదు.

ఆయన కాగితం మీద ఏదో అంకె వేశారు.
ఎంతో నేను చూడలేదు. చూసి ఉండాల్సింది.

అందరూ పోయాక
ఇన్నేళ్లలో మొదటిసారి, తుడవడానికి కాక,
ఆ గొట్టంలోకి వంగాను.

అద్దం సర్దగానే తెల్లారినట్టయింది.
పైనొక చర్మం, కిందొక చర్మం,
రెంటికీ ఊపిరి తీసే సందులున్నాయి.
ఏది ఎండవైపో ఏది నేలవైపో
ఆ బుడగ కణాలు లేకపోతే చెప్పలేను.
నడుమ పచ్చటి కణాలు,
మెట్టు వరస, బంతి వరస అన్న తేడా లేదు.
సంతలో జనంలా ఒకే తీరు.
వాటి మధ్య దూరం దూరంగా నాళికాపుంజాలు,
ఒక్కోదాని చుట్టూ కావలి కాసే కణాల ఉంగరం.
పెద్దదానిలో రెండు గుండ్రటి రంధ్రాలు,
కింద చిన్న ఖాళీ:
మొహం.
ఎర్రటి మొహం ఒకటి
ఇరవై రెండేళ్లుగా నేను కడిగి పారబోస్తున్నది
నన్నే చూస్తోంది.

ఆ స్లయిడు కడగాలి. రూలు అది.
మిగతావి కడిగాను.

బకెట్టు వంచేశాను. మిగిలిన ఆకుల్ని
వాకిట్లో మేక కోసమని గట్టు మీద పడేశాను.
మేక రాలేదు.
తాళం వేసి తిరిగి చూసేసరికి
అప్పటికే అంచులు లోపలికి తిరుగుతున్నాయి,
పొద్దున చేలో ఉన్నట్టే,
ఎవరూ నేర్పకుండానే.