జరుగు

వడపళనిలో ఆరో బస్సు ఆగింది.
ముందొచ్చిన అయిదూ మెట్ల బస్సులు,
ఎక్కేవాళ్ళ మడమలు చూస్తూ కూర్చున్నాను.

ఇది మాత్రం ఉస్సురని
ఎడమకి ఒరిగింది,
నడుంనొప్పి మనిషి మంచం కింద చెప్పు వెతుక్కున్నట్టు.

కండక్టర్ కన్నియప్పన్ టికెట్ల సంచి వీపుమీదికి తోసుకుని
కొక్కెంతో ర్యాంపు లాగాడు. రాలేదు.
సందులో ఇసుక, వేరుశనగ పొట్టు, ఎవరిదో పాత ప్రయాణం.
కాలితో తన్నాడు. వచ్చింది.
లోపల నలభై వాచీలు
ఒక్కసారి మణికట్ల మీద తిరిగాయి.

నా కుర్చీకని నీలం గీసిన చోట
కనకాంబరం దండల మూట,
దాన్ని కాళ్ళతో అదిమిపట్టి మునిలక్ష్మి.
కోయంబేడులో నాలుగింటికి కొన్న సరుకు,
తొక్కిడిలో నలిగితే ఇవాళ్టికి పొయ్యి లేదు.
దించనంది.
దించమనడానికి నాకూ నోరు రాలేదు.

"తళ్ళుంగమ్మా" అన్నాడు కన్నియప్పన్.
అది తొయ్యడం; రోజూ నా కుర్చీకి జరిగేదే.
"కొంచెం జరుగు, అక్కా" అన్నాను నేను.
"తెలుగోళ్ళా?" అంది. జరగలేదు.

మన భాషలో పక్కకి తప్పుకోవడమూ
ఏదైనా సంభవించడమూ
ఒకే మాట. ఎందుకో అప్పుడే తట్టింది.

చివరికి మూట నా ఒళ్ళోకెక్కింది.
బెల్టు దానిమీంచే బిగించారు.
కోడంబాక్కం వంతెన దాటేదాకా తడిగోనె చల్లదనం
తొడలకి తెలీదు,
మోచేతులు చెప్పాయి.
ఆమె ఒక చెయ్యి మూట మీద,
ఇంకోటి, ఆసరాకి, నా కుర్చీ పిడి మీద.

దిగేటప్పుడు ఒక మూర తుంచింది.
చెయ్యి చాచాను.
"పదిహేను" అంది.
"పది" అన్నాను.
ర్యాంపు సగంలో ఇరుక్కుని ఉంది,
వెనక ఆటో హారన్లు,
బస్సింకా వంగే ఉంది.
మేం పన్నెండు దగ్గర ఆగాం.