మా పెట్టె

పత్తికొండ బస్టాండు ఎదురుగా నా జిరాక్సు అంగడి.
మిషను కింద, ఎలుకలు కొరక్కుండా రేకు చుట్టి,
చెప్పుల డబ్బా అంత పెట్టె.
దాంట్లో నూటా పన్నెండు మంది మాట్లాడుకుంటారు:
తుగ్గలి చేలల్లో తొలకరికి రాళ్ళు వెతికేవాళ్ళు,
టమోటా రేటు అడిగేవాళ్ళు,
పనేమీ లేక ఊరికే పలకరించేవాళ్ళు.

పెద్ద కంపెనీవాడు మా గుంపును ఒక రాత్రి మూసేసినాడు.
యాలప్పా అని అడిగేదానికి
తలుపు లేదు, తలుపెనక మనిషి లేడు.
తలా నూరు వేసుకుని ఇది కొన్నాం.
"మనం తవ్వుకున్న బోరక్కా ఇది" అన్నాడు ఉరుకుందు.
నిజమే.
బోరు మనదైతే
మోటారు కాలిన రాత్రి కూడా మనదేనని
ఆ పొద్దు ఎవరికీ తోచలేదు.

గుత్తిలో ఒక పెట్టె ఉంది, ఆలూరులో ఇంకొకటి.
వాటి మధ్య మాటలు
గట్టు దాటే మేకల్లా పోతాయి, వస్తాయి.

మొన్న వానకు
కాశింబీకి రాయి దొరికిందని ఎవడో రాసినాడు.
శనగగింజంత ఉందని, గుట్టుగా అమ్మిందని,
ఇంకా రాయకూడనిదేదో.
పది నిమిషాల్లో తుడిచేసినాను.
మా పెట్టెలో తుడిచేసినాను.
గుత్తికి ఫోను చేస్తే ఆయన పెండ్లిలో ఉన్నాడు, మేళాల చప్పుడు.
ఆలూరు పిల్లోడు "మా పెట్టె, మా ఇష్టం" అన్నాడు.
అప్పటికే ఆ మాట
నాకు పేరు కూడా తెలియని ఊర్లలో బువ్వ తింటా ఉంది.

కాశింబీ అంగడికొచ్చింది.
ఆధార్ రెండు కాపీలు తీయించుకుంది.
చిల్లర ఎంచుతా, తలెత్తకుండా,
"పెట్టె నీదే కదక్కా" అంది.

ముందైతే తిట్టుకునేదానికి
యాడో దూరంగా ఒక కంపెనీ ఉండేది.

ఆలూరు దారి మూసేసినా.
దాంతోపాటు ఆలూరు మార్కెట్టు రేటు ఆగిపోయింది,
ఆడ కాపురమున్న ఉరుకుందు చెల్లెలి కబుర్లూ ఆగిపోయినాయి.
నాలుగో దినం ఉరుకుందు పాత కంపెనీకే మళ్ళినాడు.
"ఆడ అందరూ ఉండారక్కా" అన్నాడు, నేలచూపులు చూస్తా.
నాకు కోపం రాలేదు. వచ్చింటే బాగుండు.

ఇప్పుడు డెబ్భై ముగ్గురం.
కరెంటు బిల్లు మాత్రం అంతే.

నిన్న రాత్రి రెండు గంటలప్పుడు
పదకొండు దినాల తర్వాత కాశింబీ రాసింది:
"జొన్నగిరి చేలో నీళ్ళు నిలిచినాయి.
తెల్లారి పోయేవాళ్ళు చెప్పులు చేత పట్టుకోండి."

ఎవరూ జవాబియ్యలేదు.
కరెంటు పోయింది.
ఇన్వర్టరు కీచుమంది.
లేచినా.