మోకు లేని ఎత్తు

"దుబాయిల ఎండలెట్లున్నయిరా" అని ఫోన్ల అడుగుతది అక్క.
దుబాయి గాదక్కా, ఇది అబహా.
"ఏదైతేంది, ఎండలెట్లున్నయి?"
రెండు స్వెట్టర్ల మీద చెద్దరు కప్పుకొని
మస్తుగున్నయక్కా, అంట నేను.

జిద్దా నుంచి రాత్రంతా బస్సు.
సొరంగాలు పదకొండుదాక లెక్కవెట్టి నిద్రవోయిన.
తెల్లారి చూస్తే చెవులు గడెవడ్డయి,
సంచిల చిప్స్ పాకిట్టు ఉబ్బి కప్పకడుపైంది.
కిటికీ అవుతల ఏమీ లేదు.
రోడ్డు లేదు, కొండ లేదు, తెల్లగ ఒకటే గోడ.

మా దిక్కు "మబ్బుల లేచిన" అంటె
కోడి కూయకముందే లేచినట్టు.
ఇక్కడ తొమ్మిదింటికి లేచినా మబ్బులనే లేస్త.

పప్పు ఎనిమిది విజిళ్లకు గూడ పలుకు పలుకే.
స్వాత్ నుంచి వచ్చిన గుల్జమీన్ కుక్కర్ మూతి మీద చెయ్యివెట్టి,
"ఇదేం కొండ, మా దిక్కు దీన్ని గడప అంటరు" అని నవ్వుతడు.
మంచం పక్కన సగం రొట్టె, సగం మాట,
ఆయన పష్తో, నా తెలుగు, నడుమ ముక్కలైన హిందీ.
రియాదుల ఉన్నోళ్లకు శుక్రవారమొస్తె మనోళ్లు వందమంది.
నాకు శుక్రవారమొస్తె ఉతికిన బట్టలు.
అవి గూడ మూడురోజులైనా ఆరయి.

పని, తీగ మీద నడిచే గాజు డబ్బాలు తుడుసుడు.
టికెట్టు కొన్నోళ్లకు లోయ కనవడాలె.
నేను తుడుస్త, మబ్బు మళ్ల పూస్తది.
రెయిలింగు మీద తడిసిన కోతొకటి
నా టిఫినీ వైపు చూసుకుంట
సూపర్‌వైజర్ లెక్క కూసుంటది.

ఎత్తు నాకు కొత్తగాదు.
పదమూడేండ్లకే ముస్తాదు నడుముకు కట్టిన,
రోజుకు ఇరవై తాళ్లు, పొద్దుమాపు.
చెట్టుకూ నాకూ నడుమ ఒక్క మోకు.
మట్టల నడుమ కూసొని లొట్టి దించేటప్పుడు
ఎవలింట్ల పొయ్యి రాజుకుందో,
ఎవల బర్రె ఎవల చేన్లవడ్డదో,
పోశవ్వ ఇయ్యాల ఎవలతోని కొట్లాటవెట్టుకుందో
ఊరందరికంటె ముందు నాకే ఎరుక.
పైకెక్కుడంటె కిందిది చూసుడే అనుకున్న అప్పుడు.

రాజలింగు జారివడి నడుములిరిగినంక
మా ఇంటామె నా మోకు తెచ్చి పొయ్యిల వెట్టింది.
కొబ్బరికాయ కాలినట్టు వాసన, రెండురోజులు ఇల్లంత.
"ఇగ చెట్టు మొకం చూడకు" అన్నది.
చూడలే.
ఏడువేల అడుగులు ఎక్కి వచ్చి
నెలనెల పైసలు పంపుతున్న.
కల్లు అన్న మాట ఇక్కడ కలల గూడ
మెల్లగనే అంట.

మొన్న మాపటేల
పదిహేడో నంబరు డబ్బా లోపట తుడుస్తుంటె
తీగ నడిచింది, నన్నేసుకొనే.
సగం దూరంల కరెంటు వోయింది.
పైన లేదు, కింద లేదు.
గాలికి డబ్బా కిర్రుమంటుంటె
నా చెయ్యి దానంతటదే నడుముకాడికి వోయింది,
మోకు కోసం.
ఉత్త బెల్టు.
ఇరవై నిమిషాలు ఆ బెల్టునే పట్టుకొని కూసున్న.
భయమైందా అంటె, సిగ్గైంది ఎక్కువ,
వెయ్యి చెట్లెక్కినోన్ని.

అప్పుడు మబ్బు పాత ధోవతి లెక్క
ఒక్క కాడ చినిగింది.
అడుగున మెట్లు మెట్లుగ జొన్న చేను,
రాతిగోడ, మేకల దొడ్డి,
రేకులింటి మీద పొగ.
ఒక ముసలామె చెయ్యి ఊపుకుంట
ఎవలనో తిడుతుంది. మాట వినవడలే,
తిట్టుడు మాత్రం బరాబర్ కనవడ్డది.
ఎవలనమ్మా, ఏం చేసిండు, అన్న
గాజుకు మొకం ఆనిచ్చి.

కరెంటు వచ్చింది. చినుగు మూసుకుంది.
ఆడ గుల్జమీన్ నా పేరు వంకరగ పిలుస్తున్నడు.
అద్దానికి లోపటి దిక్కు
మబ్బు పట్టి ఉంది, నా ఊపిరే.
బట్ట తీసిన.
దాన్ని మాత్రం
జరసేపు తుడవలే.