నోబిడ్

కర్నూలు రోడ్డులో మా ఆఫీసు, మేడ మీద.
కింద టైర్ల కొట్టు మూసేశాక కూడా
రబ్బరు వాసన మెట్లెక్కి వస్తుంది.
తొమ్మిదింబావుకి నా కంప్యూటర్లోకి
యుద్ధం వస్తుంది,
ఇంగ్లీషులో, అంకెలతో, ఇంకా తడారకుండా.
దాన్ని తెలుగు చెయ్యడం నా పని.

మనకి చావుకి మాటలు కరువేం కాదు.
నేను చేరిన వారంలోనే కోటిలింగం గారు నేర్పారు:
మనకి కావలసిన దేశం వాడు పోతే
"బలయ్యాడు" అను. వయసు రాయి.
పెళ్ళి కుదిరి ఉందేమో చూడు.
అవతలి వాడైతే "హతం".
గుంపుగా పోతే "మట్టుబెట్టారు".
గుంపులో ఎవరెవరున్నారో ఆ మాట అడగదు.
మనవాళ్ళు ఆసుపత్రిని కొడితే
"కూలింది" అను, చాలు,
గోడలే విసిగిపోయి చతికిలబడ్డట్టు.

ఆ దేశం ఎక్కడుందో చూపమంటే
మా యజమాని పటంలో సముద్రం మీద వేలు పెడతాడు.
అయినా ఆయన పార్టీ ఢిల్లీలో
ఎవరి పక్కన కూర్చుంటే
వాళ్ళ బాంబులు మా పేజీలో మెత్తగా పడతాయి.
రోడ్డవతల పత్రికలో అవే బాంబులకి
ఒంగోలంతా అదురుతుంది.
పన్నెండు దాటాక వాళ్ళ సబ్‌ఎడిటరూ నేనూ
ఒకే బండి దగ్గర టీ తాగుతాం.
యుద్ధం ఊసెత్తం.
జీతం పడిందా అని అడుగుతాడు.
పడలేదంటాను.

మా అమ్మ పేరమ్మ ముప్పై ఏళ్ళు
టంగుటూరులో పొగాకు గ్రేడింగు చేసింది.
ఆకుని వెలుగుకి ఎత్తిపట్టి ఒక్క చూపు:
బ్రైటు, మీడియం, మాడు.
ఏ ఆసామి ఆకో ఆమెకి పట్టేది కాదు.
ఒక్కసారి మాత్రం మేస్త్రీ పక్కన గొంతుక్కూచుని
ఫలానా వారిది కాస్త పైగ్రేడులో వెయ్యమన్నాడంట.
వేసింది.
రెండు రూపాయలు ఎక్కువిచ్చాడంట.
ఈ సంగతి నాకు ఈమధ్యే చెప్పింది,
అడక్కుండానే.

మొన్న ఆదివారం ఇంటికెళ్తే
రెండు పేపర్లూ పంచలో పరిచి
చింతపండు గింజ తీస్తోంది.
చదవడం రాదు. బొమ్మలు చూస్తుంది.
"మాల్యాద్రీ, ఈ పిలకాయ
రెండిట్లోనూ ఉండాడేందిరా?"
ఒకే ఫోటో.
బూడిదలో, ఒంటి చెప్పుతో.
వాళ్ళ పేపర్లో అటు దేశం వాడు.
మా పేపర్లో ఇటు దేశం వాడు.
ఏజెన్సీ పంపినప్పుడు ఊరి పేరు లేదు.
"మనవైపు వేసెయ్" అన్నారు కోటిలింగం గారు.
ఆ కింద రాసింది నేనే.

"ఎవురి బిడ్డ?"
తెలీదన్నాను.
ఆమె చేతిలో గింజ జారిపోయింది.
"తెలవకుండా ఎట్టా గ్రేడేసినావు?"

చిన్నప్పుడు వేలం కేంద్రంలో
నోబిడ్ బేళ్ళు చూశాను.
ఏ కంపెనీ వాడూ పాడనివి.
రైతు వాటిమీదే కూర్చుని
తన ఆకు కాక, కొన్న బీడీ కాల్చుకుని
పొద్దుగూకాక మళ్ళీ ట్రాక్టరుకెత్తేవాడు.
నా బల్ల మీదా రోజూ కొన్ని మిగులుతాయి,
అటు పార్టీకీ ఇటు పార్టీకీ అక్కరకు రాని చావులు.
నిన్న ఇరవై ముగ్గురు.
రొట్టెల కోసం వరసలో నిలబడ్డారు.
ఎవరూ పాట పాడలేదు.

పొదిలి పేజీలో పెట్టాను వాళ్ళని,
బోరుబావుల ప్రకటన కింద, రెండు లైన్లలో.
"పోయారు" అని కొట్టి, చెరిపి,
"చంపారు" అని కొట్టాను.
ఎవరు అన్నది నాకూ తెలీదు, రాయలేదు.
పదకొండూ నలభైకి జీపు కదిలింది.

పొద్దున ఫోను వస్తుందేమోనని చూశాను.
రాలేదు. ఎవరూ చదివినట్టు లేదు.
అమ్మకీ కనపడదు.
దానికి బొమ్మ లేదు.