పొగబెట్టి పిలవడం

మొదటిసారి మోసపోయాను.
నీలిరంగు ఈగలబోను అని బొమ్మ చూపించి
ఎవడో వంద గింజలు అంటగట్టాడు.
ఆరువారాలు గాజుమూత కింద సాకితే
ముల్లంగి మొలిచింది.
ఉప్పు అద్దుకుని తినేశాను, ఏం చేస్తాను.

రెండోసారి ఉత్తరం రాసి కొన్నాను,
పడమటి ఆస్ట్రేలియా ఇసుకనేలల్లో ఉండే
మెర్విన్ టకెట్ అనే ముసలాయన దగ్గర.
పది గింజలు. నా రెండురోజుల పింఛను.

కవరు ఆస్ట్రావా చేరడానికి
నెలా పదకొండు రోజులు పట్టింది.
కస్టమ్స్ వాళ్ళు చింపి, మళ్ళీ అంటించారు;
వాళ్ళ టేపుకి ఒక గింజ అతుక్కుపోయి ఉంది.
జిగురుతో పురుగుల్ని పట్టే జాతి
తనే జిగురుకి చిక్కిందని
పట్టకారు పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆవగింజలో అరవయ్యో వంతు అంటారే,
అంత చిన్నవేం కావు.
ఆవగింజకి చెల్లెళ్ళు. నల్లగా, గరుకుగా.
వాటితోపాటు పెన్సిలుతో రాసిన చీటీ:
"ఇవి నిద్రపోవడం లేదు, మొండికేశాయి.
పొద తగలబడితే తప్ప లేవవు.
ఊరికే నీళ్ళుపోసి బతిమాలకు. పొగ పెట్టు."

నిప్పు లేనిదే పొగ రాదని విన్నాను గానీ
పొగ లేనిదే మొలక రాదట!
నాకా చెబుతున్నావు, టకెట్ గారూ?
ఇరవైతొమ్మిదేళ్ళు కోకు బట్టీల మీద క్రేను నడిపాను.
ఈ ఊళ్ళో తెల్లదుప్పటి ఆరేస్తే
సాయంత్రానికి బూడిదరంగు.
వాన కూడా కిటికీల మీద
కాటుక కారినట్టు కారేది.
వాసన చూసి ఏ షిఫ్టు నడుస్తోందో చెప్పేవాళ్ళం.
ఆ పొగ ఆగాలని ఊరేగింపులో నడిచాను.
అది ఆగిన రోజే
జీతమూ ఆగింది.

ఇప్పుడు అదే ఊళ్ళో
పొగ కోసం వెతుకులాట.
గోధుమగడ్డి కాస్త, ఎండిన పైన్ ఆకులు కాస్త
బిస్కెట్ డబ్బాలో అంటించి, ఆర్పీ ఆర్పకుండా
పీటు నింపిన కుండీ మీద బోర్లించాను.
మూడో అంతస్తు బాల్కనీ.
కింది ఇంటి వ్లాస్తిమిల్ కేకేశాడు:
"బోజెనా! ఫైరింజన్ని పిలవనా?"
"పిలువు, నెమ్మదిగా రమ్మను."
పొగబెడితే పారిపోయేవాళ్ళనే చూశాను ఇన్నాళ్ళూ,
లేచి వచ్చేవాళ్ళని చూడలేదు.

తర్వాత వాననీళ్ళు.
కుళాయి నీళ్ళ సున్నం వీటికి పడదు.
బకెట్లో పట్టిన వాన
అడుగు కనిపించేంత తేటగా ఉంది.
కాసేపు దాన్నే చూస్తూ కూచున్నాను.

మొదటి నెల నాచు మొలిచింది.
రెండో నెల, నాచు మీద బూజు.
ఒక గింజని గోటితో పైకి తీసి చూశాను,
తియ్యకూడదని తెలిసే.
టకెట్‌కి రాయలేదు.
రాస్తే ఓపిక పట్టమంటాడు,
ఎంత మిగిలిందో చెప్పాల్సొస్తుంది.

డెబ్భైమూడో రోజు, పళ్ళు తోముకుంటూ చూస్తే
ఒక ఆకుపచ్చ దారం,
గింజ తొక్కని ఇంకా టోపీలా పెట్టుకుని.
ఒక్కటే. మిగతా తొమ్మిదీ పలకలేదు.
ఇంకో మూడువారాలకి భూతద్దంలో
ఒంటినిండా నూగు, నూగు కొసన బొట్లు,
ఒక బొట్టులో కాళ్ళు కొట్టుకుంటూ
నుసుము.

వ్లాస్తిమిల్‌ని పిలిచాను.
ఆయనా బట్టీల్లో చేసినవాడే.
అద్దాలు తుడుచుకుని వంగాడు.
మొక్కని చూడలేదు ముందు.
కళ్ళు మూసుకుని, కుండీ మట్టి వాసన పీల్చి,
"రాత్రి షిఫ్టు" అన్నాడు.